మానని చేతిపుండు – ముంజేతి చర్మం

“పులిపిరి రాలిపోవడానికి ఏదైనా పైపూత చెప్పండి” అన్న ప్రశ్న గృహవైద్యం తెలిసిన ప్రతివారికీ తరచుగా ఎదురవుతుంది. సున్నం, చాకలిసోడా కలిపి పెట్టమనేవారు, నల్లజీడి రసం తాకించమనేవారు, ఉత్తరేణి క్షారం పూయమనేవారు మన ఇరుగుపొరుగులలోనే ఉంటారు. నిజంగా అది పులిపిరే అయితే వీటివల్ల రాలిపోవడమూ కద్దు. పులిపిరి కానిదానికి ఇవే పూతలు వేసినప్పుడు జరిగే అనర్థాన్ని గురించి వ్రాసేవారు మాత్రం అరుదు. ఆ పని నేను చేయదలచాను. ఎందుకంటే ఆ అనర్థం ఒకసారి నా చేతుల మీదుగానే జరిగింది.

ఆమె యాభై అయిదేళ్ళు దాటిన గృహిణి. పెళ్ళయిన కొత్తలో గారెలు వేస్తుండగా కాగిన నూనె కుడిచేతి వెనుకభాగం మీద ఒలికి, చర్మం కాలి, ముడతలు పడిన తెల్లని మచ్చ మిగిలింది. ముప్ఫై సంవత్సరాలకు పైగా ఆ మచ్చ ఏ ఇబ్బందీ పెట్టలేదు. తరువాత దాని నడుమ చిన్న గరుకు కాయ లేచింది. పెచ్చు కట్టడం, గిన్నెలు తోమేటప్పుడు ఆ పెచ్చు ఊడి కాస్త రక్తం కనిపించడం, మళ్ళీ పెచ్చు కట్టడం – ఇదీ వరస. భర్తతో కలిసి నా వద్దకు వచ్చినప్పుడు చర్మకీలమని నిర్ణయించి అపామార్గ క్షారం పూశాను. పైభాగం నల్లబడి ఊడిపోయింది. “తగ్గుతున్నదమ్మా” అన్నాను. నెల తిరిగేసరికి మళ్ళీ లేచింది. మళ్ళీ పూశాను. ఈ విధంగా మూడున్నర నెలలు గడిచాయి. అంచులు గట్టిపడి, పైకి ఉబ్బి, దుర్వాసన మొదలైన తరువాతగాని నాకు అనుమానం కలుగలేదు. ముక్క పరీక్షలో క్యాన్సరు అని తేలింది.

పాత కాలిన మచ్చలలోను, ఏళ్ళ తరబడి మానని పుండ్లలోను క్యాన్సరు పుట్టవచ్చునన్నది కొత్త సంగతి కాదు. ఇటువంటి పుండ్లను ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జోలిన్ 1828లోనే వర్ణించాడు. ఆయన పేరు మీదనే వాటిని నేటికీ మార్జోలిన్ అల్సరు అంటారు. ఒళ్ళు కాలిన నాటికీ, క్యాన్సరు పుట్టిన నాటికీ నడుమ ఇరవై, ముప్ఫై సంవత్సరాలు గడవడం సాధారణం. అందువల్లనే రోగికి గాని, ఇంటివారికి గాని ఆ రెండింటికీ సంబంధం ఉన్నదన్న ఊహ కలుగదు. నాకు కలిగి ఉండవలసినది. మచ్చ లేని చేతుల మీద కూడా, ముఖ్యంగా ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసిన వారికి, ఈ జాతి క్యాన్సరు వస్తుంది. స్క్వామస్ సెల్ కార్సినోమా అనే ఈ రకమే చేతి చర్మానికి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది. ప్రారంభంలో గుర్తించి పూర్తిగా తీసివేస్తే సాధారణంగా నయమయ్యే వ్యాధి ఇది. ఉపేక్షిస్తే మోచేతి లోపలివైపున, చంకలోను ఉండే గ్రంథులకు ప్రాకుతుంది. కాలిన మచ్చలో పుట్టినది మామూలు దానికంటె మొండిది.

క్షారం వేసినప్పుడు ఏమవుతుందో చెప్పాలి. పైకి కనిపించేది కాలిపోతుంది. లోపల వేళ్ళూనినది మిగిలి ఉండగానే పైన పెచ్చు కమ్ముకుంటుంది. ఆ పెచ్చును చూసి రోగి సంతోషిస్తాడు, వైద్యుడు సంతోషిస్తాడు, క్రింద వ్యాధి తన పని తాను చేసుకుపోతుంది. ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన పొరపాటు కాదు. అమెరికాలో ‘బ్లాక్ సాల్వ్’ అనే పేరుతో ఒక మూలిక వేరును, జింక్ క్లోరైడును కలిపి చేసిన నల్లని లేపనం అమ్మేవారు ఉన్నారు. దానిని చర్మపు క్యాన్సర్లకు వాడవద్దని అక్కడి ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

మన శాస్త్రం ఈ విషయంలో ఏమి చెప్పిందో నేను ఆలస్యంగానైనా మళ్ళీ తీసి చదివాను. సుశ్రుతుడు చికిత్సాస్థానంలో అర్బుదాలను గురించి చెబుతూ, శేషం మిగిల్చి చికిత్స చేస్తే అర్బుదం త్వరలోనే మళ్ళీ పుడుతుందని, కనుక నిశ్శేషంగా తొలగించాలని ఆదేశించాడు. మిగిలిపోయిన దానిని ఆర్పకుండా వదిలిన నిప్పుతో పోల్చాడు. అక్కడ క్షారం, అగ్ని, శస్త్రం మూడూ చెప్పబడిన మాట నిజమే. అయితే నిశ్శేషంగా పోయిందా లేదా అని తేల్చుకునే మార్గం క్షారానికి లేదు. కోసి తీసిన కండకు ఆ మార్గం ఉన్నది. దాని అంచులను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, ఏ వైపున వ్యాధి మిగిలిందో, ఏ వైపున మిగలలేదో చెప్పగలరు. సుశ్రుతుని ఆజ్ఞను నేడు అక్షరాలా పాటించగలిగినది శస్త్రచికిత్సే అని నా నిశ్చితాభిప్రాయం. ఈ మాటకు నా తోటి వైద్యులలో కొందరు కోపగిస్తారని తెలుసు.

ముక్క తీస్తే క్యాన్సరు ఒళ్ళంతా పాకుతుందన్న భయం మన ఇళ్ళలో గట్టిగా నాటుకొని ఉన్నది. ఆమె భర్త కూడా ఇదే అన్నాడు. పాకేది ముక్క తీయడం వల్ల కాదు, తీయకుండా నెలలు గడపడం వల్ల. నాలుగు వారాలలో మానని పుండు, మాని మళ్ళీ మళ్ళీ లేచే కాయ, పాత కాలిన మచ్చలో కొత్తగా వచ్చిన ఏ మార్పు అయినా సరే – ముక్క పరీక్ష జరిగేవరకు దాని మీద ఏ పూతా వేయకూడదు. పసుపు, వేపాకు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

ఇక శస్త్రచికిత్స సంగతి. క్యాన్సరును తీసేటప్పుడు కనిపించినంత మేరకే తీయరు. చుట్టూ ఆరోగ్యంగా కనిపించే చర్మాన్ని కూడా కొంత కలిపి తీస్తారు. మామూలు రకానికి అరసెంటీమీటరు అటూ ఇటూ చాలవచ్చు, కాలిన మచ్చలో పుట్టిన దానికి ఒకటి రెండు సెంటీమీటర్లు కావలసి వస్తుంది. అందుచేత రూపాయి బిళ్ళంత పుండుకు చిన్న తమలపాకంత గాయం ఏర్పడుతుంది. పొట్ట మీదనో, తొడ మీదనో అయితే అంచులు దగ్గరకు లాగి కుట్టివేయవచ్చు. చేతి వెనుక అంత వదులు చర్మం ఎక్కడిది? బలవంతాన లాగి కుడితే పిడికిలి ముడవడం సాధ్యం కాదు. పైగా చర్మం తీయగానే వ్రేళ్ళను పైకెత్తే తెల్లని త్రాళ్ళు, అంటే స్నాయువులు, డాక్టర్ల భాషలో టెండన్లు, బయటపడతాయి. గాలికి ఆరితే అవి చచ్చిపోతాయి. అవి పోతే వ్రేళ్ళు లేవవు.

తొడ నుండి పలుచని చర్మం తీసి అంటించవచ్చు గదా అని అడుగుతారు. ఎన్నో సందర్భాలలో అది చాలును, అదే మంచిది కూడా. అయితే ఆ పలుచని చర్మానికి తనదంటూ రక్తప్రసారం ఉండదు, క్రింది కండ నుండి పోషణ పీల్చుకొని బ్రతుకుతుంది. స్నాయువు మీది సన్నని పొర మిగిలి ఉంటే అంటుకుంటుంది. వ్యాధితోపాటు ఆ పొర కూడా పోతే, రాతి మీద నారు నాటినట్లే. ఎముక బయటపడినప్పుడూ ఇంతే. అప్పుడు తన రక్తనాళాన్ని తనతో తెచ్చుకునే మందపాటి చర్మం కావాలి. దీనిని ఫ్లాప్ అంటారు. 1972లో మెక్‌గ్రెగర్, జాక్సన్ అనేవారు గజ్జ ప్రాంతపు చర్మాన్ని ఇందుకు వాడే పద్ధతిని ప్రకటించారు. అందులో చేతిని గజ్జకు కుట్టి, సుమారు మూడు వారాలు అలాగే ఉంచి, తరువాత విడదీస్తారు. ఎందరి చేతులనో కాపాడిన పద్ధతి అది, ఇప్పటికీ వాడుకలో ఉన్నది. కాని వయసు మళ్ళినవారికి మూడు వారాలు చేయి కదలకుండా ఉండడం వల్ల భుజం, మోచేయి బిగుసుకుపోతాయి. మన ఆడవారికి అది ఎంత ఇబ్బందికరమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఇబ్బంది లేకుండా అదే చేతి ముంజేతి నుండి చర్మం తెచ్చే పద్ధతికి మూలం చైనాలో ఉన్నది. 1981లో యాంగ్ గువోఫాన్, ఆయన సహచరులు ముంజేతి ఫ్లాప్‌ను ప్రకటించారు. అందుకే దీనికి చైనీస్ ఫ్లాప్ అనే పేరు కూడా వచ్చింది. దీనికి ఆధారమైన ధమని పేరు వింటే ఆయుర్వేద వైద్యుడు ఉలిక్కిపడక మానడు. అంగుష్ఠమూలంలో మూడు వ్రేళ్ళు పెట్టి మనం ఏ ధమనిని స్పృశించి నాడి చూస్తామో, అదే ధమని ఇది. దానిని మోచేతి వైపున కట్టి తెంచి, మణికట్టు వైపున అలాగే ఉండనిచ్చి, పైనున్న చర్మంతో సహా ఎత్తి, పుస్తకంలో పుట త్రిప్పినట్లు చేతి వెనుకకు త్రిప్పి గాయం మీద పరచి కుడతారు.

తెంచిన ధమనిలో రక్తం ఎలా ప్రవహిస్తుందన్న సందేహం నాకూ కలిగింది. చేతికి రెండు ధమనులు ఉన్నాయి. ఒకటి బొటనవ్రేలి వైపు, మరొకటి చిటికెన వ్రేలి వైపు. అరచేతిలో ఈ రెండూ విల్లులాగా వంగి కలుస్తాయి. చిటికెన వ్రేలి వైపు ధమని నుండి వచ్చిన రక్తం అరచేతిలోని ఆ కలయిక మీదుగా వెనక్కు మళ్ళి, తెంచిన ధమనిలోనికి ఎదురెక్కి, త్రిప్పిన చర్మాన్ని పోషిస్తుంది. అయితే అందరి చేతులలోనూ ఈ కలయిక సంపూర్ణంగా ఉండదు. అందుకే కత్తి పట్టకముందు డాక్టరు 1929లో ఎడ్గర్ అలెన్ చెప్పిన పరీక్ష చేస్తాడు. పిడికిలి గట్టిగా బిగించమని, మణికట్టు వద్ద రెండు ధమనులనూ నొక్కిపట్టి, పిడికిలి తెరవమంటాడు. అరచేయి పాలిపోయి ఉంటుంది. అప్పుడు చిటికెన వ్రేలి వైపు ధమనిని మాత్రం వదులుతాడు. కొద్ది సెకన్లలో అరచేయి అంతా ఎర్రబడితే ఆ ఒక్క ధమనే చేతిని పోషించగలదని అర్థం. ఎర్రబడకపోతే నాడి ధమని జోలికి పోకూడదు.

పోకుండానే పని జరిపే మార్గం కూడా ఉన్నది. ముంజేతి వెనుకవైపున, రెండు ఎముకల నడుమ సాగే సన్నని ధమనిని ఆధారం చేసుకొని చర్మాన్ని త్రిప్పే పద్ధతిని 1980ల నడుమ అర్జెంటీనాలో జాంకొల్లి, ఆంగ్రిజియాని, ఫ్రాన్సులో పెంతియాదో, మాస్క్‌లే రూపొందించారు. ప్రధాన ధమని రెంటిలో దేనినీ బలి చేయనక్కరలేకపోవడం దీని సుగుణం. ధమని సన్నని కావడం వల్ల చేసే డాక్టరుకు నేర్పు, ఓర్పు ఎక్కువ కావాలి. ఏది తగినదో నిర్ణయించవలసినది డాక్టరే అయినా, “నా విషయంలో నాడి ధమనిని వాడతారా, మరొక మార్గం ఉన్నదా?” అని అడిగే హక్కు రోగికి ఉన్నది. అడగాలి.

ఈ సందర్భంలో “అంతా మన సుశ్రుతుడు ఎప్పుడో చెప్పాడు” అని చేతులు దులుపుకునేవారితో నేను ఏకీభవించను. సుశ్రుతుడు చెప్పినది చాలా గొప్పది. తెగిన చెవికి, ముక్కుకు చెంప నుండి చర్మం తెచ్చేటప్పుడు అది ఒక ప్రక్కన శరీరానికి అంటుకొని, ప్రాణంతో ఉండాలన్నాడు. ‘సానుబంధ’ అన్న ఆ ఒక్క మాటలో ఫ్లాప్ అనే భావమంతా ఉన్నది. ముక్కు కొలతకు ఆకును కత్తిరించి చూసుకోమన్నాడు. నేటి డాక్టరు కూడా గాయం మీద కాగితమో, గుడ్డో పరచి కొలత తీసుకొనే ముంజేతి మీద గీత గీస్తాడు. పుణెలో నుదుటి చర్మంతో ముక్కు కట్టిన వృత్తాంతం 1794లో లండను పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయిన తరువాతనే ఇంగ్లండులో కార్ప్యూ అనే వైద్యుడు 1814లో ఆ ప్రయత్నం చేశాడు. ఇవన్నీ మనం గర్వించవలసినవే. కాని రక్తాన్ని ఎదురు నడిపించి చేతిని కాపాడే విద్య సుశ్రుతునికి తెలియదు. ఆయన జీవించి ఉంటే ఆ చైనా వైద్యుల వద్దకు వెళ్ళి కూర్చుని నేర్చుకునేవాడని నా నమ్మకం.

మళ్ళీ ఆ గృహిణి విషయానికి వస్తాను. శస్త్రచికిత్స మాట విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “వైద్యులుగారూ, ఒకచోట పుండు మాన్పడానికి మంచిగా ఉన్న చోట కోస్తారా?” అన్నది. న్యాయమైన ప్రశ్న. దానికి లేదని అబద్ధం చెప్పకూడదు. ముంజేతి మీద మచ్చ మిగులుతుంది. చర్మం తీసిన చోటు చిన్నదయితే కుట్టివేస్తారు, పెద్దదయితే తొడ నుండి పలుచని చర్మం తెచ్చి కప్పుతారు. రవిక చేతికీ గాజులకూ నడుమ అది అందరికీ కనబడే చోటే. బొటనవ్రేలి మొదట్లో తిమ్మిరి కొందరిలో ఉండిపోతుంది. చలికాలంలో చేయి చల్లబడినట్లు, సలుపుతున్నట్లు ఉండవచ్చు. త్రిప్పిన చర్మం చేతి వెనుక కొంత ఎత్తుగా, దిండులాగా కనిపిస్తుంది. మగవారికయితే ముంజేతి వెంట్రుకలు అక్కడ మొలుస్తాయి. ఇంతటి మూల్యం చెల్లించి దక్కించుకునేది ఏమిటంటే, అన్నం కలుపుకునే చేయి, జడ వేసుకునే చేయి. ఆలస్యం చేసినవారికి కొన్నిసార్లు వ్రేళ్ళు, ఒక్కొక్కప్పుడు చేయి మొత్తం తీసివేయవలసి వస్తుంది. ఆమెకు ఈ రెండు ప్రక్కలూ చెప్పాను. రెండు రోజులు ఆలోచించుకొని ఒప్పుకున్నది. అదృష్టవశాత్తు గ్రంథులకు ప్రాకలేదు. అది నా ప్రజ్ఞ వల్ల కాదు.

ముందు వ్యాధిని తీసి, అంచులలో ఏమీ మిగలలేదని పరీక్షలో తేలేవరకు గాయానికి కట్టు కట్టి ఉంచి, ఆ తరువాత ముంజేతి చర్మాన్ని త్రిప్పారు. ఇంటివారికి ఈ నిరీక్షణ కష్టంగా తోచింది. “ఒకేసారి ఎందుకు చేయరు?” అని భర్త నన్ను అడిగాడు. మిగిలిన వ్యాధి మీద మందపాటి చర్మం కప్పితే, అది మళ్ళీ లేచినా చాలాకాలం బయటికి కనిపించదు. నా క్షారపు పెచ్చు చేసిన పనినే అదీ చేస్తుంది.

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత మన గృహవైద్యానికి పాత్ర లేదా అంటే, ఉన్నది. కాని మొదటి పాత్ర ఊరకుండడం. కుట్లు మానేవరకు పసుపు, తేనె, కలబంద గుజ్జు, ఏ తైలమూ పనికిరావు. చేతిని గుండె కంటె ఎత్తుగా దిండు మీద ఉంచాలి. త్రిప్పిన చర్మంలోనికి రక్తం వెళ్ళడం కంటె తిరిగి రావడమే కష్టం, ఎందుకంటే సిరలలోని కవాటాలు ఎదురు ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. చర్మం నీలంగా మారి ఉబ్బినా, తెల్లగా పాలిపోయి చల్లబడినా అది రాత్రి రెండు గంటలైనా సరే డాక్టరుకు తెలియజేయవలసిన సంగతి. మణికట్టుకు తోరం, తాయెత్తు, బిగుతు గాజులు ఏవీ ఉండకూడదు. చర్మానికి ప్రాణం పోసే నాళం అక్కడే మలుపు తిరుగుతుంది. గాజులు ఎడమచేతికి ఉంటే చాలునని మా ఇంటి పెద్దవారి చేత చెప్పించి ఆమె అత్తగారిని ఒప్పించవలసి వచ్చింది. పొగాకు ఏ రూపంలోనూ ముట్టకూడదు, ఆ గదిలో మరొకరు చుట్ట, బీడీ కాల్చకూడదు.

పథ్యం పేరుతో జరిగే హాని మరొకటి. పప్పు తింటే చీము పడుతుందని, గ్రుడ్డు తింటే దురద పుడుతుందని చారన్నంతో సరిపెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. గాయం పూడడానికి మాంసకృత్తులు కావాలి. పెసరపప్పు, పాలు, పెరుగు, అలవాటున్న వారికి గ్రుడ్డు తప్పక పెట్టాలి. శస్త్రచికిత్సకు ముందు తాము వాడుతున్న చూర్ణాలు, గుగ్గులు మాత్రలు, భస్మాలు, వెల్లుల్లి గుళికల పేర్లన్నీ డాక్టరుకు చెప్పాలి. వీటిలో కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తాయి. “ఆకుమందే గదా” అని దాచిపెట్టడం తెలివి కాదు.

పుండ్లు పూర్తిగా మాని, డాక్టరు అనుమతించిన తరువాత నువ్వులనూనెతోగాని, కొబ్బరినూనెతోగాని మచ్చను రోజుకు రెండుసార్లు మెల్లగా మర్దన చేయడం మేలు. అంతకంటె ముఖ్యమైనది వ్రేళ్ళ కసరత్తు. ఫిజియోథెరపిస్టు చూపినట్లు వ్రేళ్ళను ముడవడం, చాపడం రోజూ చేయకపోతే, చర్మం బ్రతికినా చేయి బిగుసుకుపోతుంది. గోరువెచ్చని నీటిలో చేయి ఉంచి మెత్తని గుడ్డ పిండడం ఆమెకు బాగా ఉపకరించింది. నాలుగవ నెలకు చపాతీపిండి కలిపింది.

నాడి గురించి ఒక మాట. స్త్రీలకు ఎడమచేతి నాడి చూడడం మన సంప్రదాయం కనుక ఆమె విషయంలో నాకు ఇబ్బంది కలుగలేదు. ఒకనాడు కుతూహలంతో కుడిచేతిని కూడా పట్టి చూశాను. ఎప్పుడూ తగిలే చోట, తగిలే తీరున నాడి తగలలేదు. ఈ శస్త్రచికిత్స కుడిచేతికి జరిగిన పురుషులు వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలి. నాడి క్షీణించిందని చెప్పి అవసరం లేని మందులు ఇచ్చే ప్రమాదం ఉన్నది. అదేవిధంగా ఆ చేతికి సూది వేసేటప్పుడు, గుండెకు సంబంధించిన పరీక్షల కోసం మణికట్టు నుండి గొట్టం ఎక్కించేటప్పుడు అక్కడి డాక్టర్లకూ తెలియజేయాలి.

చర్మం అతుక్కున్నంత మాత్రాన వ్యాధి కథ ముగియలేదు. మొదటి రెండేళ్ళు మూడు, నాలుగు నెలలకొకసారి, తరువాత కొంత ఎడంగా, మచ్చ అంచులను, మోచేతి లోపలివైపును, చంకను డాక్టరు తడిమి చూడవలసి ఉంటుంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వ సంస్థ. ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రులలో ఈ ముంజేతి ఫ్లాప్ పద్ధతి తెలిసినవారు ఉంటారు. కాగితాలన్నీ, ముఖ్యంగా ముక్క పరీక్ష నివేదిక, ఒక సంచిలో భద్రపరచి ప్రతిసారీ తీసుకువెళ్ళాలి. ఆ గృహిణి భర్త ఆ సంచి మీద, నా పొరపాటు జరిగిన తేదీలతో సహా అన్నీ వరుసగా వ్రాసి పెట్టుకున్నాడు. దానిని నాకు కూడా చూపించాడు.